దవడ కండ, దవడ ఎముక – ముఖం తీరు

ఈ పూట మన ముఖాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ముఖం అనగానే కళ్లు, ముక్కు, రంగు గుర్తుకొస్తాయి. దవడ ఎవరికీ గుర్తు రాదు. అయితే ఒకరిది కోలముఖం అనీ, ఇంకొకరిది గుండ్రటి ముఖం అనీ, మరొకరిది పలకలాగా వెడల్పు అనీ అంటున్నామంటే, అందులో చాలా భాగం దవడను చూసి అంటున్న మాటే. జ్వరం పడి లేచినవాణ్ణి చూసి దవడలు పీక్కుపోయాయి అంటాం. పెళ్లిచూపులకు వెళ్లొచ్చి, అమ్మాయి బాగానే ఉంది గానీ మూతి కొంచెం ముందుకొచ్చింది అంటాం. ఆ మాట ఆ పిల్ల చెవిన పడితే ఎన్నాళ్లు గుచ్చుకుంటుందో అన్నవాళ్లకు తెలియదు.

మీ చేతివేళ్లను చెవికి ముందు, చెంప మీద ఆనించి వెనకపళ్లు గట్టిగా బిగించండి. పని ఆపనక్కరలేదు, ఒక చెయ్యి ఖాళీగా ఉంటే చాలు. వేళ్ల కింద గడ్డలాంటిది ఉబుకుతుంది, పళ్లు వదలగానే అణిగిపోతుంది. వేళ్లను పైకి, కణత మీదికి జరిపి మళ్లీ బిగించండి. అక్కడా కదలిక తెలుస్తుంది. మొదటిదాన్ని వైద్యులు మాసెటర్ అంటారు. చెంపఎముక దగ్గర పుట్టి, చెవి కింద దవడ మూలకు వచ్చి అతుక్కుంటుంది. రెండోది టెంపొరాలిస్. విసనకర్రలాగా తల పక్కన పరుచుకుని, చెంపఎముక చాటుగా దిగి, కింది దవడను పట్టుకుంటుంది. మనం వీటిని చెంపకండ, కణతకండ అనుకుందాం. దవడకు లోపలివైపు, బయటికి కనబడకుండా మరో రెండు ఉన్నాయి. ఒక్కో పక్క నాలుగు చొప్పున, నమిలే పనంతా వీటిదే. నవ్వడానికీ, మూతి ముడవడానికీ ఉన్న కండరాలు వేరు. వాటి నరం కూడా వేరే.

ఈ కండల బలం తక్కువదేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి వెనకపళ్ల మధ్య పెట్టగల ఒత్తిడి సుమారుగా 50 నుంచి 70 కిలోల బరువుకు సమానం. అంటే ఒక సిమెంటు మూట బరువు పైమాటే. వక్క పగిలేది, చెరకు గనుపు చీలేది ఈ బలంతోనే.

ఇక ఎముక సంగతి. కింది దవడ గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. రెండు కొసలూ పైకి తిరిగి, చెవులకు ముందు కీలులాగా పుర్రెకు తగులుకుని ఉంటాయి. చెవిలోపలి చిన్నచిన్న ఎముకలను పక్కన పెడితే, తలలో కదిలే ఎముక ఇదొక్కటే. చెవి కింద ఈ ఎముక వంగే చోటును దవడ మూల అందాం. ఆ మూల దగ్గర వంపు ఎంత, మూల బయటికి ఎంత విచ్చుకుంది, దాని మీద చెంపకండ ఎంత దళసరి, చెంపఎముక ఎంత వెడల్పు, వీటిని బట్టి ముఖం కింది సగం తీరు తేలుతుంది. మూల పదునుగా, బయటికి విచ్చుకుని, మీద కండ దిట్టంగా ఉంటే వెడల్పు ముఖం. వంపు తక్కువై దవడ వాలుగా దిగితే, కండ పలచనైతే, పొడుగు ముఖం. కొవ్వు దీని మీద పూత లాంటిది. ఒళ్లు చేస్తే దట్టమవుతుంది, చిక్కితే కరిగిపోతుంది. కింద ఉన్న ఎముక మాత్రం అదే.

పసిబిడ్డను చూడండి. తల పెద్దది, ముఖం చిన్నది. పుట్టినప్పుడు ముఖం భాగం కపాలంలో ఎనిమిదో వంతు ఉంటుందంటారు. దవడ మూల బాగా విప్పారి, వంపే లేనట్టు ఉంటుంది. పళ్లు వచ్చి, నమలడం నేర్చి, కండలు లాగుతున్నకొద్దీ మూల ఏర్పడుతుంది. పెద్దయ్యేసరికి ఆ కోణం 120 డిగ్రీల దరిదాపుకు వస్తుంది. మగపిల్లలకు మీసం వచ్చే వయసులో దవడ మరో విడత పెరుగుతుంది. పద్ధెనిమిదేళ్లు దాటాక కూడా కొంతకాలం పెరిగేవాళ్లున్నారు. ఆడపిల్లలకు ఆ పెరుగుదల ముందే మొదలై ముందే ఆగుతుంది. అన్నకూ చెల్లెలికీ ఒకే పోలిక ఉన్నా, ఇరవై ఏళ్లకు దవడల్లో తేడా కనిపించేది ఇందుకే.

మరి ఎముక తీరు ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి వాటా వంశానిది. ఈ మాటకు లోకంలో అందరూ చెప్పే ఉదాహరణ ఐరోపాను ఏలిన హాప్స్‌బర్గ్ రాజవంశం. వాళ్లలో చాలామందికి కింది దవడ ముందుకు పొడుచుకుని ఉండేది. 1661లో పుట్టి 1700లో చనిపోయిన స్పెయిన్ రాజు రెండో చార్లెస్‌కు అది మరీ ఎక్కువ. ఆ వంశంలో మేనమామ మేనకోడలిని చేసుకోవడం, దగ్గరివాళ్ల మధ్యే సంబంధాలు కలుపుకోవడం తరతరాలుగా సాగింది. స్పెయిన్ పరిశోధకులు ఆ వంశంలోని 15 మంది చిత్రపటాలు 66 తీసుకుని, దవడ శస్త్రచికిత్స నిపుణులు పదిమందికి చూపించి, 2019లో ఫలితం ప్రకటించారు. రక్తసంబంధం ఎంత దగ్గరైతే దవడ అంత ముందుకొచ్చినట్టు వాళ్లకు తేలింది. మేనరికాలు మన ఇళ్లలో కొత్త కాదు కనుక ఈ సంగతి చెప్పాను. ఒక్క మేనరికంతో దవడ వంకరపోతుందని దీనర్థం కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కింది దవడ ముందుకు ఉంటే, అలాంటి ఇంటితోనే మళ్లీ మళ్లీ కలుపుకుంటే ఆ పోలిక బలపడుతుందని మాత్రం తెలుసుకోవాలి.

రెండో వాటా వాడకానిది. మోసే బరువును బట్టి ఎముక తన్ను తాను మలుచుకుంటుందని జర్మనీ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో గ్రంథం రాశాడు. కండ ఎక్కడ గట్టిగా లాగితే అక్కడ ఎముక దిట్టపడుతుంది. మెత్తని మేత పెట్టి పెంచిన జంతువులకు దవడలు చిన్నవవుతాయని ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లో కూడా ఇలాంటిదేదో జరుగుతున్నదని చెప్పినవాళ్లలో రాబర్ట్ కొరుచ్చిని అనే అమెరికా పరిశోధకుడున్నాడు. ఆయన మన దేశం వచ్చి, చండీగఢ్ చుట్టుపక్కల పల్లెపిల్లలనూ పట్నం పిల్లలనూ పోల్చి చూశాడు. ఆ పరిశీలన 1983లో అచ్చయింది. ఒకే ప్రాంతం జనమైనా, ముతక తిండి తినే పల్లెవాళ్లకు పళ్ల వరుస కుదురుగానూ, మెత్తని తిండి మరిగిన పట్నంవాళ్లకు ఎక్కువగా అడ్డదిడ్డంగానూ ఉంది. దవడ పెరగలేదు, పళ్లు మాత్రం అన్నీ వచ్చాయి, చోటు చాలలేదు.

ఇక్కడ మన సరిహద్దు జిల్లాల తిండి గుర్తొస్తుంది. బళ్లారి, రాయచూరు వైపు జొన్నరొట్టె, నాందేడు వైపు కూడా జొన్నరొట్టే, నమలక తప్పదు. కోలారు, హోసూరు వైపు రాగిముద్ద తినేవాళ్లు దాన్ని నమలరు, పులుసులో ముంచి మింగుతారు. ముద్దను నమిలేవాణ్ణి చూసి కొత్తవాడని గుర్తుపట్టేస్తారు! అంతమాత్రాన ముద్ద తినేవాళ్ల దవడలు చిన్నవని నేననడం లేదు. వాళ్లు వేరుశనగలు, అనపకాయలు, చెరకు నమిలి ఆ లోటు తీర్చుకున్నవాళ్లే. ఇప్పటి పిల్లలు ఆ ముద్దా తినరు, ఆ చెరకూ నమలరు. బిస్కత్తు, బ్రెడ్డు, నూడుల్సుతో సరిపెడుతున్నారు. పెరిగే వయసు పిల్లలకు జామకాయ కోసి పెట్టకుండా కొరుక్కోమని ఇవ్వండి. వేయించిన శనగలు, పచ్చి క్యారెట్టు, కొబ్బరిముక్క ఇవ్వండి. మరీ చిన్నపిల్లలకైతే గింజలు గొంతులో అడ్డంపడతాయి, వాళ్లకు పనికిరావు.

తల్లిదండ్రులు బాగా వినవలసిన సంగతి ఒకటుంది. పిల్లలు మెట్ల మీద నుంచో, సైకిలు మీద నుంచో, మామిడిచెట్టు మీద నుంచో గడ్డం మోపి పడుతుంటారు. గడ్డం కింద చర్మం చిట్లుతుంది, రెండు కుట్లు వేయిస్తాం, అయిపోయిందనుకుంటాం. దెబ్బ తగిలింది గడ్డానికే అయినా, అదురు పోయి చెవి ముందున్న కీలుకు తగులుతుంది. కింది దవడ పెరుగుదలలో ఆ కీలు కొసకు ముఖ్యమైన పాత్ర ఉంది. అక్కడ ఎముక విరిగి, పట్టించుకోకపోతే, కొందరు పిల్లలకు అది పుర్రెతో కలిసి అతుక్కుపోతుంది. చెవిలో చీము కారుతూ, ఆ చీము కీలుకు పాకినప్పుడు కూడా ఇలా జరగవచ్చు. అప్పటి నుంచి నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది. పక్కనున్న ముఖమంతా పెరుగుతుంటే దవడ అక్కడే ఆగిపోతుంది. రెండు పక్కలా అతుక్కుంటే గడ్డం లోపలికి పోయి, పక్షి ముఖంలా కనిపిస్తుంది.

ఒక పక్క మాత్రమే అతుక్కుంటే ఇంకో చిత్రం జరుగుతుంది. గడ్డం చెడిన పక్కకు తిరుగుతుంది. ఆ పక్క చెంప గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది. బాగున్న పక్క చదునుగా, పీక్కుపోయినట్టు ఉంటుంది. ఇంటివాళ్లు పీక్కుపోయిన చెంపను చూపించి ఇక్కడే ఏదో లోపం అంటారు. నిజానికి లోపం నిండుగా ఉన్న పక్కన ఉంటుంది. ఇలాంటి పిల్లల్ని తెచ్చినప్పుడు, పుట్టుకతోనే ఇంతేనండి, వాళ్ల నాయనమ్మ పోలిక అని చెప్పేవాళ్లున్నారు. నాలుగు ప్రశ్నలు వేస్తే, మూడేళ్లప్పుడు అరుగు మీద నుంచి పడ్డ సంగతి బయటికొస్తుంది. పిల్లవాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేడు, పళ్లు తోముకోలేడు, రాత్రి గురకపెడతాడు. దీనికి శస్త్రచికిత్స ఉంది. ఎంత త్వరగా చేయిస్తే ముఖం అంత బాగా కోలుకుంటుంది. కనుక గడ్డం మీద పడ్డ పిల్లవాడు వారం దాటాక కూడా నోరు తెరవడానికి ఇబ్బందిపడుతున్నా, పళ్లు మునుపటిలా కలవకపోయినా, నోరు తెరిచినప్పుడు గడ్డం పక్కకు పోతున్నా, దంతవైద్యుడికి చూపించి ఎక్స్‌రే తీయించండి.

వంశంగా వచ్చిన ఎత్తుపల్లాలకు కూడా అదను ఉంది. కింది దవడ వెనకబడి, మూతి ముందుకు కనిపించే పిల్లలకు ఎదుగుదల జోరుగా ఉండే వయసులో, అంటే దాదాపు పది నుంచి పదమూడేళ్ల మధ్య, నోట్లో పెట్టుకునే పరికరాలు పనిచేస్తాయి. పై దవడ వెనకబడిన పిల్లలకైతే ఇంకా ముందే, పాలపళ్లు ఊడే రోజుల్లోనే మొదలుపెట్టాలి. ఎదుగుదల ఆగిపోయాక పళ్లను జరపవచ్చు గానీ ఎముకను జరపాలంటే శస్త్రచికిత్స ఒక్కటే దారి. పెళ్లిసంబంధాలు చూసేటప్పుడు దంతవైద్యుడు గుర్తుకొస్తే, ఆ అదను దాటి చాలా ఏళ్లయి ఉంటుంది.

ఇక వక్క దగ్గరికి వద్దాం. తాంబూలం మన మర్యాద. అది వేరు, జేబులో పొట్లాలు పెట్టుకుని గంటకొకటి నోట్లో పోసుకోవడం వేరు. రోజంతా వక్క నమిలేవాళ్లకు మొదట చెంపకండలు పెరగవచ్చు. ముఖం నిండుగా కనిపించేసరికి ఒళ్లు చేశాడు అనుకుంటారు. తరువాత వచ్చేది ఆ నిండుదనాన్ని తినేస్తుంది. వక్కలోని పదార్థాల వల్ల చెంప లోపలి పొర నార కట్టుకుపోతుంది. మొదటి గుర్తు కారం తగిలితే నోరు మండటం. ఆ తరువాత లోపలి చర్మం పాలిపోతుంది, వేలు పెట్టి చూస్తే తాళ్లలాగా గట్టి పట్టీలు తగులుతాయి. చెంపలు బిగుసుకుని లోపలికి పోతాయి. ఈల వేయలేరు, బుగ్గలు పూరించలేరు. నోరు రానురాను మూసుకుపోతుంది. ఈ జబ్బును 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో ఉంటున్న భారతీయ స్త్రీలలో గుర్తించి రాశాడు. ఇవాళ దాని పేరు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. ఇది కొందరిలో కేన్సరుగా మారుతుంది. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే మనిషికి కేన్సరు తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. 2012 నుంచి చాలా రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. కంపెనీలు మసాలా ఒక పొట్లంలో, పొగాకు వేరే పొట్లంలో పెట్టి పక్కపక్కనే అమ్మించాయి. సరిహద్దు ఊళ్లలో, ఈ పక్క దొరకనిది ఆ పక్క కొనుక్కోవచ్చుననే సౌకర్యం కూడా మనవాళ్లకుంది!

నమిలే అలవాటున్నవాళ్లు మీ చేతి మూడు వేళ్లను, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లను కలిపి, నిలువుగా ముందుపళ్ల మధ్య పెట్టి చూడండి. మామూలు నోటికి మూడూ పడతాయి. రెండే పడుతున్నాయంటే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మందులు, ఇంజెక్షన్లు, నోరు సాగదీసే వ్యాయామాలు, ఆపరేషను అన్నీ ఉన్నాయి. వక్క మానకుండా వాటిలో ఏదీ నిలవదు. మానినా చెంపలు పూర్తిగా మునుపటి మెత్తదనానికి రావు. మూసుకుపోవడం మాత్రం అక్కడికి నెమ్మదిస్తుంది.

చెంపకండ పెరగడానికి వక్క ఒక్కటే కారణం కాదు. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు, పగలు పనిలో పడి తెలియకుండా పళ్లు బిగబట్టేవాళ్లకు, ఒక పక్క పన్ను పుచ్చి రెండో పక్కనే నమిలేవాళ్లకు కూడా కండ పెరగవచ్చు. కారణం ఏదీ కనబడకుండా పెరిగేవాళ్లూ ఉన్నారు. ఈ స్థితిని 1880లో లెగ్ అనే వైద్యుడు మొదట వర్ణించాడు. చాలాసార్లు దీన్ని గవదబిళ్లగానో గడ్డగానో పొరబడతారు. తేడా సులువు. పళ్లు బిగిస్తే కండ గట్టిపడుతుంది, వదిలితే మెత్తబడుతుంది. గవదబిళ్లలైతే నొప్పి, జ్వరం ఉంటాయి, వాపు చెవితమ్మెను పైకి నెడుతుంది. పెరిగిన కండను తగ్గించడానికి బొట్యులినమ్ అనే మందును సూదితో ఎక్కించే పద్ధతి 1994 నుంచి వాడుకలోకి వచ్చింది. కండ కొన్ని నెలలు చిక్కి, మళ్లీ మొదటికొస్తుంది. ఖర్చుతో కూడిన పని.

దీనికి పూర్తిగా తిరగబడ్డ పని ఇప్పటి కుర్రాళ్లు చేస్తున్నారు. దవడ సినిమా హీరోలా కోసుకున్నట్టు ఉండాలని, ఫోన్లలో చూసి, రబ్బరులా గట్టిగా ఉండే చూయింగ్ గమ్ములు గంటల తరబడి నములుతున్నారు. కండ కొంచెం పెరుగుతుందేమో. ఎదుగుదల ఆగిన ఎముక మాత్రం తన ఆకారం మార్చుకోదు. చెవి ముందు కీలు నొప్పెట్టి, నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు వచ్చే రోజు రావచ్చు. నన్నడిగితే ఆ డబ్బుతో వేరుశనగలు కొనుక్కోవడం మేలు. వెడల్పు దవడవాడు మొండివాడనీ, గడ్డం చిన్నదైతే పిరికివాడనీ సాముద్రికం పేరుతో చెప్పే మాటలను కూడా నమ్మకండి. దవడను చూసి వైద్యుడు చెప్పగలిగేది నమలడం గురించి, శ్వాస గురించి, ఎదుగుదల గురించి. గుణం గురించి కాదు.

పెద్దవయసులో కథ వెనక్కి నడుస్తుంది. పళ్లు ఊడితే, వాటిని పట్టుకుని ఉన్న ఎముక గట్టుకు ఇక పని లేదు. అది అరిగిపోతుంది. నమలని కండ పలచబడుతుంది. దవడ మూల కోణం మళ్లీ విప్పారుతుంది. పైపెదవికీ కిందిపెదవికీ ఆసరా పోయి, ముక్కూ గడ్డం దగ్గరవుతాయి. బోసినోటి అవ్వ ముఖం పొట్టిగా, గడ్డం ముందుకు పొడుచుకున్నట్టు కనిపించేది ఇందుకే. వయసైపోయింది, ఇక పళ్లెందుకు అని వదిలేయకండి. కట్టుడుపళ్లు పెట్టిస్తే ముఖం ఎత్తు తిరిగొస్తుంది, రొట్టె తినగలుగుతారు. ఎన్నో ఏళ్ల కిందటి పళ్లసెట్టు వదులై ఆడుతుంటే మార్పించండి. కింద ఎముక అరిగింది, సెట్టు మాత్రం అలాగే ఉంది.

ఒక్క హెచ్చరిక మిగిలింది. నడివయసులో దవడ ఎముక ఊరికే పెరగదు. ఎవరికైనా నాలుగైదేళ్లలో గడ్డం ముందుకొచ్చి, పళ్ల మధ్య సందులు పడి, ఉంగరం వేలికి పట్టక, చెప్పుల సైజు పెరిగితే, పాత ఫొటో పక్కన పెట్టుకుని చూసి వైద్యుడికి చెప్పండి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో కంతి లేచి, ఎదుగుదల హార్మోను ఎక్కువైనప్పుడు ఇలా అవుతుంది. ఒక్క పక్కనే వాపు వచ్చి రోజురోజుకూ పెరిగితే, నొప్పి లేకపోయినా చూపించాలి.

మీ జిల్లా ఆసుపత్రిలో దంతవైద్య విభాగం ఉంటుంది, దగ్గరి పట్నంలో దంతవైద్య కళాశాల ఉన్నా మంచిదే. అక్కడి డాక్టరుకు తెలుగు రాదేమోనని వెనకాడకండి. మనం దవడ అన్నది కన్నడంలో దవడె, తమిళంలో తాడై, మరాఠీలో జబడా. ఆ ఒక్క మాట అని, వేలితో చోటు చూపించి, ఎప్పటి నుంచి ఉందో, పడిన సంగతి గానీ వక్క సంగతి గానీ ఉంటే దాచకుండా చెప్పండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.